మ్యూచువల్ అంటే అసలు ఏంటి? ‘మ్యూచువల్ ఫ్రెండ్’ అనడం తప్పా?

మీరు అడిగింది ఇదీ: మ్యూచువల్ అనే ఇంగ్లిష్ మాటకి అసలు అర్థం ఏంటి, ఎక్కణ్ణుంచి పుట్టింది, మీరు మీటింగ్‌లో ‘మ్యూచువల్ ఫ్రెండ్’ అంటే మేనేజర్ అందరి ముందు ‘అది తప్పు, కామన్ ఫ్రెండ్ అనాలి’ అని సరిదిద్దాడు, అది నిజమేనా, మ్యూచువల్ ఫండ్, మ్యూచువల్ డైవోర్స్, మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ వీటన్నిట్లో ఉన్నది ఒకటే మ్యూచువలా, తెలుగులో ఒక్క ముక్కలో ఏమనాలి. నేను నాంపల్లి కోర్టుల చుట్టూ 22 ఏళ్లుగా దస్తావేజులు, పిటిషన్లు, సొసైటీ బైలాలు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి మారుస్తూ బతుకుతున్నా. ఈ మాట నన్ను తిప్పలు పెట్టినన్ని సార్లు ఇంకే మాటా పెట్టలేదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, చాయ్ పక్కన పెట్టుకుని చదవండి.

సూటిగా జవాబు: ‘మ్యూచువల్ ఫ్రెండ్’ తప్పు కాదు. మీ మేనేజర్ చెప్పిన రూల్ కూడా ఆయన గాల్లోంచి పుట్టించింది కాదు, ఒకప్పుడు ఇంగ్లిష్ పంతుళ్లు గట్టిగా పట్టుకున్న రూలే అది, కాకపోతే ఆ భాష మాట్లాడేవాళ్లే దాన్ని ఎప్పుడో వదిలేశారు. మ్యూచువల్ అసలు అర్థం ‘ఇటు నుంచి అటు పోయి, అటు నుంచి ఇటు తిరిగొచ్చేది’. నేను నిన్ను గౌరవిస్తా, నువ్వు నన్ను గౌరవిస్తావు, అది మ్యూచువల్. ‘ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది’ అనేది తర్వాత వచ్చి చేరిన రెండో అర్థం. ఇప్పుడు రెండూ చెల్లుతాయి.

ఇంక పుట్టుక. అసలు మజా అంతా ఇక్కడే ఉంది.

ఇంగ్లిష్‌లోకి ఈ మాట 15వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ నుంచి వచ్చింది, ఫ్రెంచ్‌కి లాటిన్ నుంచి. లాటిన్‌లో ‘మూతువుస్’ అంటే ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేది అని ఒక అర్థం, అప్పుగా తెచ్చుకున్నది అని ఇంకో అర్థం. అవును, అప్పే. దాని వెనకున్న క్రియ ‘మూతారే’, అంటే మార్చడం, మార్పిడి చేసుకోవడం. రోమన్ చట్టంలో ‘మూతువుమ్’ అనే పేరుతో ఒక రకం అప్పే ఉండేది: డబ్బు, ధాన్యం, నూనె, వైన్ లాంటివి తీసుకుంటావు, వాడేసుకుంటావు, తర్వాత అంతే కొలత, అదే రకం సరుకు తిరిగిస్తావు. తీసుకున్న గింజలే తిరిగివ్వక్కర్లేదు, అలాంటి గింజలు ఇస్తే చాలు. విడిగా ఒప్పందం చేసుకుంటే తప్ప దాని మీద వడ్డీ కూడా ఉండదు.

ఇది చదివినప్పుడు నాకు మా అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. ఎదురు ఫ్లాట్ ఆంటీ ‘బాబూ, ఒక గ్లాసుడు చక్కెర ఇస్తావా, సాయంత్రం తెప్పించి ఇస్తా’ అంటుంది చూడండి, అది మూతువుమ్. అదే ఆవిడ కొడుకొచ్చి ‘అంకుల్, బండి తాళం ఇస్తారా, కోఠి దాకా పోయొస్తా’ అంటే అది వేరే లెక్క, వాడు అలాంటి ఇంకో బండి తెచ్చిస్తే మనం ఊరుకోం కదా, ఆ బండే తిరిగి రావాలి. రోమన్లు దీనికి ‘కొమ్మొదాతుమ్’ అని ఇంకో పేరు పెట్టుకున్నారు. రెండువేల ఏళ్ల కింద ఈ తేడా ఇంత కచ్చితంగా ఆలోచించారంటే వాళ్లకీ ఎదురింటి ఆంటీలు ఉండే ఉంటారు.

రెండో శతాబ్దంలో గైయుస్ అని ఒక రోమన్ న్యాయపండితుడు ఉండేవాడు. మూతువుమ్ అనే పేరు ఎందుకొచ్చిందో ఆయన ఒక వివరణ రాశాడు: లాటిన్‌లో ‘మెయుమ్’ అంటే నాది, ‘తూవుమ్’ అంటే నీది, అప్పిచ్చిన క్షణంలో నాది కాస్తా నీదైపోతుంది కాబట్టి మూతువుమ్ అన్నారట! భాషాశాస్త్రం ప్రకారం ఇది ఉత్త కల్పన, మన దగ్గర ఊళ్ల పేర్లకి కథలు కట్టినట్టే. కానీ చట్టం పాయింట్‌గా చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం, చక్కెర గ్లాసు చేతులు మారాక అది ఆవిడ చక్కెరే, మనకి మిగిలేది తిరిగి రావాల్సిన బాకీ మాత్రమే.

ఇప్పుడు తెలుగు వైపు రండి. మనకి ‘బదులు’ ఉంది కదా. బదులు అంటే మార్పిడి, ఒకదాని చోట ఇంకొకటి, అరబీ ‘బదల్’ నుంచి ఉర్దూ దక్కనీల మీదుగా మనకి దిగిన మాట. ఆ ఒక్క మాట తెలుగులో ఎన్ని పనులు చేస్తుందో చూడండి. ‘నేను పిలిస్తే బదులు పలకలేదు’ అంటే జవాబు. ‘అన్నకి బదులు తమ్ముడొచ్చాడు’ అంటే స్థానంలో. ‘చేబదులు’ అంటే నోటు రాసుకోకుండా, వడ్డీ లేకుండా, నమ్మకం మీద చేతికిచ్చే చిన్న అప్పు. ఊళ్లల్లో నాట్లప్పుడు ఇవాళ మేము మీ చేలోకి, రేపు మీరు మా చేలోకి, కూలి డబ్బులు లేవు, అదీ బదులే. అంటే మార్పిడి అనే అర్థం నుంచి అప్పు అనే అర్థం ఎలా పుట్టిందో, ఒకరికొకరు అనే అర్థం ఎలా పుట్టిందో, లాటిన్‌లో జరిగిందే మన దగ్గర పూర్తిగా వేరే భాషనుంచి వచ్చిన మాటతో మళ్లీ జరిగింది. మ్యూచువల్ అనే మాట ఫీలింగ్ మీకు పట్టుబడాలంటే డిక్షనరీ కన్నా చేబదులు మంచిది. ఇచ్చింది తిరిగొచ్చే దారి తెరిచి ఉండాలి, అప్పుడే అది మ్యూచువల్.

ఆ ‘మూతారే’ పిల్లల్ని మీరు రోజూ చూస్తూనే ఉంటారు. భూమి కొన్నాక ‘మ్యుటేషన్ అయ్యిందా?’ అని అడుగుతాం, రికార్డుల్లో పేరు మార్పిడి. రిటైరయ్యేవాళ్లు పెన్షన్ ‘కమ్యుటేషన్’ పెట్టుకుంటారు, అంటే నెలనెలా వచ్చేదాంట్లో కొంత వదిలేసి ఒకేసారి పెద్ద మొత్తం మార్చుకోవడం. ఇంటర్‌లో మనల్ని ఏడిపించిన పర్ముటేషన్స్‌లో ఉన్నదీ ఆ క్రియే. ఉరిశిక్షని యావజ్జీవంగా ‘కమ్యూట్’ చేయడం అదే, పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలికి ‘కమ్యూట్’ చేయడమూ అదే, దీనికో చిన్న కథ ఉంది, అమెరికా రైల్వేల్లో రోజూ టికెట్ కొనే బదులు ఒకేసారి తక్కువ రేటుకి సీజన్ టికెట్ కొనుక్కునేవాళ్లు, దాన్ని కమ్యుటేషన్ టికెట్ అనేవాళ్లు, ఆ టికెట్ మీద తిరిగేవాళ్లు కమ్యూటర్లు అయ్యారు. ఒక్క జాగ్రత్త, ఫోన్‌లో మ్యూట్ బటన్‌కి వీటితో ఏ చుట్టరికమూ లేదు, అది ‘మూగ’ అనే అర్థం ఉన్న వేరే లాటిన్ మాట.

ఇంకా లోపలికి తవ్వితే భాషాశాస్త్రవేత్తలు దీన్ని ‘మెయ్’ అనే పాత ఇండో యూరోపియన్ వేరు కిందికి తీసుకెళ్తారు, మార్పు, మార్పిడి అనే అర్థం ఉన్న వేరు. సంస్కృతంలో ‘మిథః’ అంటే పరస్పరం, ‘మిథునం’ అంటే జంట, ఈ కుటుంబాన్ని కూడా అక్కడికే చేరుస్తారు. అంటే మిథునరాశివాళ్లూ, మ్యూచువల్ ఫండ్ వాళ్లూ దూరపు చుట్టాలన్నమాట.

ఇప్పుడు మీ మేనేజర్‌కి కొంచెం చేదుగా ఉండే విషయం. ఆయన తెచ్చిపెట్టిన ‘కామన్’ ఉంది చూడండి, అది లాటిన్ ‘కొమ్మూనిస్’ నుంచి వచ్చింది, అందులో ఉన్న రెండో ముక్క విధి, బాధ్యత, కానుక అనే అర్థాలున్న ‘మూనుస్’ కుటుంబానిది, అదీ ఇదే ‘మెయ్’ వేరు కిందికే వస్తుంది. కమ్యూనిటీ, మున్సిపాలిటీ, రెమ్యూనరేషన్, ఇమ్యూనిటీ అన్నీ ఆ గుంపే. ఊరి బాధ్యతలు నెత్తిన వేసుకున్నది మున్సిపాలిటీ, ఆ బాధ్యతల నుంచి మినహాయింపు దొరికినవాడు ఇమ్యూన్. (మా గల్లీ డ్రైనేజీ చూస్తే ఆ రెండూ ఒకటే అనిపిస్తుంది, అది వేరే సంగతి.) కాబట్టి మ్యూచువలూ కామనూ ముత్తాతల కాలంలో ఒకే ఇంటివాళ్లు.

మరి ఆ గొడవ ఎక్కడ మొదలైంది? మొదట్లో అర్థం ‘ఒకరికొకరు’ అనేదే. కానీ 16వ శతాబ్దం చివరికే రెండో అర్థం వచ్చేసింది. షేక్‌స్పియర్ ఒక నాటకంలో వేటకుక్కల మొరుగుడు, దానికి అడవీ ఆకాశం పలికిన ప్రతిధ్వని అన్నీ కలిసి ఒకే అరుపులా వినిపించాయని చెప్పేచోట మ్యూచువల్ అనే వాడాడు. అక్కడ ఇచ్చిపుచ్చుకోవడం ఏం లేదు, అందరిదీ కలిపి ఒకటి అంతే. తర్వాత 1755లో శామ్యూల్ జాన్సన్ తన డిక్షనరీలో ఒకరికొకరు అనే అర్థమే ఇచ్చాడు. 1864, 65ల్లో డికెన్స్ నవల నెలనెలా భాగాలుగా వచ్చినప్పుడు దాని పేరులోనే ‘మ్యూచువల్ ఫ్రెండ్’ ఉంది, దాంతో వ్యాకరణం పెద్దమనుషులకి పెద్ద టార్గెట్ దొరికింది. ఇక్కడ తమాషా ఏంటంటే నవలలో ఆ మాట అనేది బాఫిన్ అని చదువు రాని ఒక పాత్ర, కాబట్టి డికెన్స్ కావాలనే ఆ నోటి మాటని పేరుగా పెట్టాడని సమర్థించేవాళ్లూ ఉన్నారు. 1926లో ఫౌలర్ అనే ఆయన ఇంగ్లిష్ వాడుక మీద రాసిన పుస్తకంలో గట్టిగా కొట్టిపారేశాడు, ఆయన లాజిక్ తెలుగులో చెప్పాలంటే: రాము సోముకి ఏమవుతాడో సోము రాముకి అదే అయితే మ్యూచువల్, కానీ రాముకీ సోముకీ ఇద్దరికీ భీముడు ఫ్రెండ్ అయితే ఆ భీముణ్ణి మ్యూచువల్ అనకూడదు. మీ మేనేజర్‌కి చిన్నప్పుడు చెప్పిన సారు ఫౌలర్ బాపతు అయి ఉంటాడు.

లాజిక్ బానే ఉంది కానీ జనం వినలేదు. ఎందుకు వినలేదంటే ఇంగ్లిష్‌లో ‘కామన్’ అనే మాటకి నాసిరకం, మర్యాద తెలియని అనే అర్థం కూడా ఉంది. మీ ఫ్రెండ్‌ని కామన్ ఫ్రెండ్ అంటే ఆయన్ని కించపరిచినట్టు వినబడే ప్రమాదం ఉంది, అక్కడివాళ్ల చెవులకి. మనకి ఆ బాధ లేదు, మనం ‘మా ఇద్దరికీ కామన్ ఫ్రెండ్’ అని దర్జాగా అంటాం, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. అందుకే హైదరాబాద్‌లో ఏదన్నా పర్లేదు, లండన్ క్లయింట్‌కి మెయిల్ రాసేటప్పుడు మాత్రం మ్యూచువల్ ఫ్రెండ్ అనే రాయండి. ఫేస్‌బుక్ వచ్చాక ఈ వాదన ఇంక ముగిసినట్టే, కోట్లమంది రోజూ చూసే స్క్రీన్ మీద ‘మ్యూచువల్ ఫ్రెండ్స్’ అని ఉంటే ఫౌలర్ మాట వినేదెవరు.

ఇందులో నాకు బాగా నచ్చిన ట్విస్ట్ ఏంటంటే, ఇప్పటి పిల్లలు ట్విట్టర్లో, ఇన్‌స్టాలో ‘మ్యూచువల్స్’ అంటారు, ఇంకా ముద్దుగా ‘మూట్స్’. అంటే నేను వాణ్ణి ఫాలో అవుతా, వాడు నన్ను ఫాలో అవుతాడు. మధ్యలో మూడోవాడు లేడు. అది కచ్చితంగా ఆ పాత లాటిన్ అర్థం! మా అమ్మాయి ఇంటర్ చదువుతుంది, ‘నాన్నా, ఆ అకౌంట్ నా మూట్’ అంటే నేను ఫౌలర్ ఆత్మ శాంతించిందనుకున్నా.

సరే, మీరడిగిన మిగతావి.

మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్. నా దృష్టిలో మన రాష్ట్రంలో ఈ మాటని అందరికంటే కరెక్టుగా వాడేది గవర్నమెంట్ టీచర్లు, ఉద్యోగులే. తెలంగాణలో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకి సర్దిన 317 జీవో తర్వాత జిల్లాలు మారినవాళ్లు ఎంతమంది ‘మ్యూచువల్ దొరికిందా?’ అని ఒకరినొకరు అడుక్కున్నారో మీకు తెలిసే ఉంటుంది. నీ పోస్ట్‌లోకి నేను, నా పోస్ట్‌లోకి నువ్వు. మార్పిడి, ఇచ్చిపుచ్చుకోవడం, రెండు దిక్కులా సంతకాలు. మా చుట్టాల్లో ఒక టీచరమ్మకి మ్యూచువల్ దొరకడానికి ఏడాది పట్టింది, పెళ్లి సంబంధం కూడా అంత కష్టపడి వెతకలేదని వాళ్లాయన అంటుంటాడు. ఆ ‘మ్యూచువల్’ని ఏకంగా నామవాచకం చేసేశారు చూడండి, ‘నాకు ఖమ్మం నుంచి మ్యూచువల్ ఉంది’ అంటారు, అంటే ఒక మనిషి!

మ్యూచువల్ డైవోర్స్. హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్, 1976 సవరణతో వచ్చింది. ఇద్దరూ కనీసం ఏడాది విడిగా ఉండి, కలిసి బతకలేమని ఇద్దరూ ఒప్పుకుని, కలిసి పిటిషన్ వేయాలి, ఆరు నెలల తర్వాత రెండోసారి కోర్టుకొచ్చి మళ్లీ అదే మాట చెప్పాలి, ఆ ఆరు నెలల గడువుని తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ మ్యూచువల్ అంటే పాత అర్థమే, కానీ ఒక మెలిక ఉంది, నేను దీన్ని చాలా ఏళ్లు ‘ఉమ్మడి అంగీకారం’ అని రాసేవాణ్ణి. ఒక సీనియర్ లాయర్ గారు పిలిచి ‘ఉమ్మడి అంటే ఒకే కుండ అయ్యా, ఇది రెండు కుండలు, ఒకటి పగిలినా అయిపోయినట్టే’ అన్నారు. నిజమే, ఇద్దరిలో ఎవరైనా డిక్రీ వచ్చేలోపు మనసు మార్చుకుంటే ఆ సమ్మతి పోయినట్టే అని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రెండు సమ్మతులు ఎదురెదురుగా నిలబడి ఉండాలి, చివరిదాకా. అప్పట్నుంచి నేను ‘పరస్పర అంగీకారం’ అనే రాస్తున్నా.

మ్యూచువల్ ఫండ్. ఇక్కడ మాత్రం రెండో అర్థం, ఉమ్మడి. వేలమంది డబ్బు ఒక కుప్ప చేస్తారు, లాభమొచ్చినా నష్టమొచ్చినా యూనిట్ల లెక్కన అందరికీ పడుతుంది. మీరు నాకేమీ ఇవ్వరు, నేను మీకేమీ ఇవ్వను, మనిద్దరికీ పరిచయం కూడా ఉండదు. ఈ వాడుకకి ముందు ఇన్సూరెన్స్‌లో మ్యూచువల్ అనే పద్ధతి ఉంది, పాలసీ కట్టేవాళ్లే కంపెనీ ఓనర్లు, ఒకరి ఇల్లు కాలితే మిగతావాళ్ల సొమ్ముతో కట్టిస్తారు, అక్కడ ‘ఒకరికొకరు’ నిజంగానే ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1752లో ఫిలడెల్ఫియాలో పెట్టించిన అగ్నిప్రమాద బీమా సంఘం అలాంటిదే. తర్వాత 1924లో బోస్టన్‌లో ఇప్పుడు మనకి తెలిసిన తరహా ఓపెన్ ఎండెడ్ ఫండ్, అంటే ఎప్పుడైనా చేరి ఎప్పుడైనా బయటికి రాగలిగేది, మొదలైంది, మన దేశంలో 1963లో యూటీఐ (యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా) వచ్చింది. అందులో చేరినవాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం పోయింది, పేరు మిగిలింది. తెలుగు పేపర్లు దీన్ని అనువదించకుండా మ్యూచువల్ ఫండ్ అనే రాస్తాయి, మంచి పని చేస్తున్నాయి, ‘పరస్పర నిధి’ అంటే ఎవరికీ ఎక్కదు.

ఇంకోటి మీరడగలేదు కానీ చెప్పాల్సిందే, ఎందుకంటే తెలుగువాళ్లు ఈ మాటని చట్టంలో వాడిన పద్ధతి బాగుంటుంది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక కోఆపరేటివ్ చట్టం వచ్చింది, అందరూ ‘మాక్స్’ చట్టం అంటారు, మ్యూచువల్లీ ఎయిడెడ్ కోఆపరేటివ్ సొసైటీస్ అనే మాటల మొదటి అక్షరాలు కలిపిన పేరు, తెలుగులో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. 1964 నాటి పాత కోఆపరేటివ్ చట్టం కింద ప్రభుత్వం చెయ్యి ఎక్కువుండేది, ఇందులో సంఘం సభ్యుల చేతిలోనే ఉండాలన్నది ఉద్దేశం. ఎయిడెడ్ అంటే మనకి గవర్నమెంట్ ఎయిడ్ గుర్తొస్తుంది కదా, ఎయిడెడ్ స్కూల్ లాగా. ఆ ‘మ్యూచువల్లీ’ అనే ఒక్క ముక్క మొత్తం అర్థం తిప్పేసింది: ఎయిడ్ పైనుంచి రాదు, పక్కవాళ్ల నుంచి వస్తుంది, పక్కవాళ్లకి పోతుంది. ముల్కనూరు మహిళల పాల డెయిరీ పేరులో కూడా ఈ ముక్క ఉంది. నేను ఇలాంటి పొదుపు సంఘాల బైలాలు ఓ పది పన్నెండు అనువదించి ఉంటా. ఒకసారి సంఘం ఆడవాళ్లకి చదివి వినిపిస్తుంటే ‘పరస్పర సహాయం’ దగ్గర ఒక పెద్దమ్మ ఆపి ‘గదేంది బిడ్డా, బదులు వెట్టుకున్నట్టే గదా?’ అంది. నేను పైన రాసిన బదులు సంగతంతా ఆవిడ దగ్గర మొదలైందే, క్రెడిట్ ఆవిడదే.

ఇక నా పరువు పోయిన కేసు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక డబ్బుల తగాదా కేసు. ఇంగ్లిష్ అఫిడవిట్లో ఇద్దరు పార్టీలకీ ఒక మ్యూచువల్ ఫ్రెండ్ ద్వారా పరిచయమైందని ఉంది. నేను డిక్షనరీ తెరిచి, మ్యూచువల్ అంటే పరస్పర అని ఉంది కాబట్టి, ‘పరస్పర మిత్రుని ద్వారా’ అని రాసేశా. ఆ కాయితం చదివిన ముసలాయన, ఆయనే పార్టీ, అద్దాలు తీసి నన్ను చూసి ‘పరస్పరం అనేటోడు ఎవడయ్యా, మాకు పరిచయం చేసింది యాదగిరి కదా’ అన్నాడు. గుమాస్తాలంతా నవ్వారు, ఓ నెల రోజులు నన్ను ‘పరస్పరం గారూ’ అని పిలిచారు. అంతటితో పోలేదు, అదే కాయితంలో ఇంకోచోట ‘పరస్పర మిత్రులు’ అని బహువచనంలో రాశాను, దాన్ని పట్టుకుని ఎదుటి లాయరు ‘అంటే మీరిద్దరూ స్నేహితులే కదా, మరి నోటు ఎందుకు రాయించుకున్నారు’ అని అడిగాడు. తెలుగులో పరస్పర మిత్రులు అంటే అదే అర్థం మరి, వాళ్లిద్దరూ ఒకరికొకరు మిత్రులని! అఫిడవిట్ సరిచేసి మళ్లీ వేయాల్సి వచ్చింది, ఖర్చు నా జేబులోంచే. మీ మేనేజర్ చెప్పే రూల్ ఇంగ్లిష్‌లో చచ్చిపోయింది కానీ తెలుగులో బతికే ఉందని నాకు ఆ రోజు తెలిసింది. పరస్పర అనే మాట రెండో అర్థాన్ని ఒప్పుకోదు.

మ్యూచువల్ పక్కన తరచూ కలిసిపోయే ఇంకో మాట రెసిప్రోకల్. లాటిన్ ‘రెసిప్రోకుస్’, వెనక్కి ముందుకి అనే ముక్కలతో కట్టిందని చెబుతారు. దగ్గరి అర్థమే కానీ వాసన వేరు. మ్యూచువల్ అంటే రెండు వైపులా ఉన్న ఒకే స్థితి, రెసిప్రోకల్ అంటే ఒకరు చేసినదానికి ఇంకొకరు తిరిగి చేసేది. పెళ్లిలో చదివింపులు రాసే నోట్‌బుక్ ఉంటుంది చూడండి, ‘వాళ్లు మనకి 1116 పెట్టారు, మనం ఎంత పెట్టాలి’ అని తీసి చూస్తాం, అది రెసిప్రోకల్. ఆ రెండు కుటుంబాలకీ ఒకరంటే ఒకరికి ఉన్న గౌరవం మ్యూచువల్ (ఉంటే). 2025లో అమెరికా అధ్యక్షుడు వేసినవాటిని రెసిప్రోకల్ టారిఫ్‌లు అన్నారే కానీ మ్యూచువల్ టారిఫ్‌లు అనలేదు, నువ్వేస్తున్నావు కాబట్టి నేనూ వేస్తా అనే చెల్లుకి చెల్లు బేరం అది. లెక్కల్లో మూడు బై నాలుగుని తిరగేస్తే నాలుగు బై మూడు వస్తుంది, అదీ రెసిప్రోకలే.

నిజంగా తప్పు ఎక్కడంటే, నా దగ్గరకొచ్చే కాయితాల్లో తరచూ కనబడేవి రెండు. ఒకటి, ‘మీ మీద నాకు మ్యూచువల్ రెస్పెక్ట్ ఉంది’ అని ఇంగ్లిష్‌లో రాయడం. నీ వైపు సంగతి నువ్వు చెప్పు, ఎదుటివాడికి నీ మీద ఉందో లేదో నువ్వెలా చెబుతావు? వన్‌సైడ్ లవ్‌ని మ్యూచువల్ అంటే పోలీస్ స్టేషన్ దాకా పోతుంది. రెండోది, ‘మ్యూచువల్లీ ఒకరితో ఒకరు అంగీకరించుకున్నారు’ లాంటివి, అంగీకరించుకున్నారు అంటేనే ఒకరితో ఒకరు అని వచ్చేసింది, మూడుసార్లు చెప్పక్కర్లేదు. ఈ రెండోది తప్పు కన్నా అనవసరం అనాలి. హైటెక్ సిటీ కంపెనీల కాంట్రాక్టుల్లో ఇది కుప్పలు తెప్పలు, అయినా రహస్యాలు బయటికి చెప్పకూడదనే ఒప్పందాల్ని (ఎన్‌డీఏల్ని) అదే కంపెనీలు ‘వన్‌వే ఎన్‌డీఏ’, ‘మ్యూచువల్ ఎన్‌డీఏ’ అని మాత్రం చాలా శుభ్రంగా విడదీస్తాయి, మొదటిదాంట్లో ఒకరే నోరు మూసుకోవాలి, రెండోదాంట్లో ఇద్దరూ.

ఇక చివరి ప్రశ్న, తెలుగులో ఒక్క మాట. ఒక్క మాట లేదండీ, సందర్భం చూసి ఎంచుకోవాలి. కాయితాల భాషలో అయితే పరస్పరం, ఉభయ సమ్మతి. పాత ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టేవాళ్లు గుర్తుందా, ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమం అని రెండు వైపులా కలిపి, ఆ ఉభయ. మొగుడూపెళ్లాల గురించి అయితే అన్యోన్యం, ఆ మాటలోనే అన్య, అన్య అని రెండుసార్లు ఉంది, ఒకరు ఇంకొకరిని. పనుల గురించి అయితే ఇచ్చిపుచ్చుకోవడం. రెండో అర్థానికి అయితే ఉమ్మడి. ఎవరైనా ‘నువ్వంటే నాకు చిరాకు’ అన్నప్పుడు ఇంగ్లిష్‌వాళ్లు ఫీలింగ్ మ్యూచువల్ అంటారే, దానికి ‘నాకూ అంతే’ చాలు, ఇంకేం వద్దు. మ్యూచువల్ ఫ్రెండ్‌కి మాత్రం పరస్పరం జోలికి పోకండి, నా ఖర్చుతో నేర్చుకున్న పాఠం, ‘మా ఇద్దరికీ తెలిసినాయన’ అని రాయండి, పేరు తెలిస్తే పేరే రాయండి.